తూకంలో రాని బరువు

గుణుపురంలో మా నాన్నది కాటా పని.
కొండ దిగొచ్చిన చింతపండు తక్కెడలో కూచుని
పద్దు పుస్తకంలో అంకెలై లేచేది.
నా ఏడో ఏట ఒక బస్తా
తూకమయ్యాక కదిలింది.

జెర్రిపోతు. నాకంటే పొడుగు.
గోనె చిల్లులోంచి దిగింది,
తనను తానే చేదుకుంటున్న తాడులాగ.
హమాలీలు బల్లలెక్కారు.
నాన్న చెవిలో పెన్సిలుతోనే గెంతాడు.
బస్తా తెచ్చిన సవర ముసలాయన సుకుర
నోట్లో చుట్ట తియ్యకుండానే అన్నాడు:
"దాని బరువు తీసెయ్ బాబూ, ఆ డబ్బు నాకొద్దు."

రాత్రి అమ్మ దిష్టి తీస్తే ఉప్పు చిటపటమంది.
నేను కళ్లు మూసుకుని
ఆ పొట్ట కింది పసుప్పచ్చ పలకలు లెక్కపెడుతున్నాను.
నిద్రొచ్చి లెక్క తప్పి, మళ్లీ మెడ దగ్గర్నుంచి.

బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు.
మనం పసిరిక అన్నదాన్ని వాళ్లు లావుడంకియా అంటారు,
ఆనపకాడ అని.
ఒక భాషకి దాని రంగు కనబడింది, ఒక భాషకి పాదు.
నాయనమ్మకి మూడోది ఉండేది:
దీపం పెట్టాక ఏ పామైనా "పురుగే".
పేరెత్తితే వచ్చేస్తాదట.
నేను దుప్పట్లో దూరి అన్ని పేర్లూ ఎత్తేదాన్ని,
ఒకదాని తర్వాత ఒకటి,
వస్తుందేమోనని.

పదకొండో ఏట, శ్రావణం, కరెంటు పోయిన రాత్రి
దొడ్డి తూము దగ్గర కట్లపాము.
నల్లటి నిగనిగ మీద సన్నటి సున్నపు గీతలు.
వెలుగు దానికి ఇబ్బందని
లాంతరు వత్తి తగ్గించాను.
అరిస్తే కర్రలొస్తాయి. అరవలేదు.
గోడ వారనే పాకి, పక్కనున్న సాబత్ వాళ్ల
వంటింటి గుమ్మం కింద దూరింది.
ఎంత బాగా వెళ్లిందో.

తెల్లారి డాలింబకి కడుపునొప్పన్నారు.
రెప్పలు నిలవటం లేదన్నారు.
నెత్తురు లేదు, వాపు లేదు, గాటైనా లేదు.
గుణియా వేపమండలతో కొట్టాడు.
మధ్యాహ్నం వాళ్లమ్మ ఆ పిల్ల జడ విప్పుతూ
రిబ్బను ముడి రాక
పళ్లతో లాగడం గోడ మీంచి చూశాను.

కట్లపాముని ఒడియాలో చితి అంటారు.
తెలుగులో ఆ మాటకి అర్థం
నాకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

అదే పామని ఎవరన్నారు?
యాభై ఏళ్లుగా నేనే అడుగుతున్నాను,
ముద్దాయి తరపు వకీలులాగ.

తర్వాత ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగం.
కొట్టి చంపిన పాముల్ని రోగితో పాటు తెచ్చేవారు,
పాలిథిన్ సంచిలో, అన్నం డబ్బాలో,
ఒకసారి మడిచిన గొడుగులో.
"హైమవతి గారూ, ఇదేంటో చూడండి" అని డాక్టరు కేక.
తల నలిగినా నాకు చాలు,
నడివీపు మీద ఆరు మూలల పొలుసు దొరికితే.
నీరుకట్టె అంటే ఇంటికి పంపేవారు.
కట్లపామంటే సీసాలు విరిచేవారు.
ఎన్ని రెప్పలు మళ్లీ లేచాయో నేను రాసుకోలేదు.
జమ రాస్తే ఖర్చూ రాయాలి,
కాటావాడి కూతుర్ని, ఆమాత్రం తెలుసు.

పాపం కడుక్కోడానికి చేశానంటే బావుణ్ను.
సంచి ముడి విప్పిన ప్రతిసారీ
నా గుండెకి ఏడేళ్లే.

మొన్న రాత్రి ఫోను, సాబత్ వాళ్లింటి నుంచే.
డాలింబ తమ్ముడు మంచమెక్కి నిలబడ్డాడు, తెల్లటి జుట్టుతో.
బియ్యం డ్రమ్ము వెనక అది.
గొట్టంలోకి ఎక్కించి మూత బిగించాను.
అతని మనవరాలు ఒక్కతే నేల మీద,
మోకాళ్ల మీద వంగి, ఊపిరి బిగబట్టి.
"దీని పేరేంటి?"
చీకటి పడిపోయింది. అయినా చెప్పాను,
రెండు భాషల్లోనూ.

"ఇంకెప్పుడైనా కనబడితే గట్టిగా అరువమ్మా."

గొట్టం మీంచి కళ్లు తియ్యకుండానే అంది:
"అరిస్తే కొట్టేస్తారు కదా?"